వెనక చక్రం పట్టు

పాత సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలిసిన మాట ఒకటుంది: "ఫ్రీవీల్ పట్టడం లేదు." పెడలు తొక్కుతాం, చైను కదులుతుంది, వెనక చక్రం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాలు గాలిని తొక్కినట్టు కిందికి జారిపోతుంది. మెకానిక్ దాన్ని విప్పి, కిరసనాయిలుతో కడిగి, రెండు చుక్కలు నూనె వేస్తే మళ్ళీ పడుతుంది. రోడ్డు మీద పోయే సైకిలుకు ఇది చికాకు, అంతే. మహా అయితే దిగి నడిపించుకుంటూ ఇంటికి చేరతాం. అదే లోపం ట్రయల్స్ సైకిల్లో వస్తే సంగతి వేరు. మీటరున్నర ఎత్తున్న బండ అంచున, వెనక చక్రం ఒక్కదాని మీద నిలబడి, ఎదురుగా ఉన్న ఇంకో బండ మీదికి ఎగరబోయే మనిషి తన ఒంటి బరువునంతా ఒక్క పెడలు మీద పెడతాడు. ఆ క్షణంలో వెనక చక్రం నడుమ ఉండే హబ్బు పట్టు వదిలితే కాలికింద ఆధారం ఉండదు. గడ్డమో ఛాతీయో హ్యాండిలుకు కొట్టుకుంటుంది, ముంగాలు పెడలు ముళ్ళ మీద గీసుకుపోతుంది, ఆ తరవాత కింద ఉన్న రాయి ఎలాగూ ఉంది. అందుకే ఈ సైకిల్లో వెనక హబ్బు ఎంపికను రంగు, ధర, బరువు చూసి తేల్చేసే వ్యవహారంగా తీసుకోకూడదు. అది యంత్రశాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న, జవాబు కూడా అక్కడే దొరుకుతుంది.

ట్రయల్స్‌లో వేగానికి విలువ లేదు. బండలు, దుంగలు, కాంక్రీటు దిమ్మెల మీదుగా, కాలు నేలకు తగలకుండా, ఇచ్చిన కొద్ది వ్యవధిలో గీసిన దారిని దాటాలి. ఈ ఆట స్పెయిన్‌లోని కాటలోనియాలో రూపు దిద్దుకుంది. అక్కడ మోటారు సైకిలు ట్రయల్స్‌కు అప్పటికే మంచి పేరుంది. మాంటెసా మోటారు సైకిళ్ళు నడిపిన పెరె పీ కొడుకు ఓట్ పీ అవే విన్యాసాలను మోటారు లేని సైకిలు మీద చేసి, తరవాత ప్రపంచ విజేత అయ్యాడు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1986 నుంచి ప్రపంచ పోటీలు జరుపుతోంది. 2009లో స్కాట్లండ్ కుర్రాడు డానీ మెకాస్కిల్ ఎడిన్‌బరో వీధుల్లో చేసిన విన్యాసాల వీడియో వచ్చాక, పోటీలతో సంబంధం లేని జనానికి కూడా ఈ సైకిలు పరిచయమైంది. పోటీల్లో 20 అంగుళాల చక్రాలవీ 26 అంగుళాల చక్రాలవీ కనిపిస్తాయి. వీధి విన్యాసాలకు 24 అంగుళాలవి ఎక్కువ. సీటు నామమాత్రం, చాలావాటికి అసలు ఉండదు. గేరు ఒక్కటే. బలమంతా ఒకే దారిన, ఒకే జత పళ్ళ చక్రాల మీదుగా వెనక హబ్బులోకి పోవాలి. ఆ దారి తప్పితే ఇంకో దారి లేదు.

మొదట హబ్బు లోపల ఏముందో చూద్దాం. తొక్కితే చక్రాన్ని తిప్పాలి, తొక్కడం మానితే చక్రాన్ని వదిలేయాలి. ఒక దిక్కున పట్టు, రెండో దిక్కున విడుపు. అమెరికాలో విలియం వాన్ ఆండెన్ అనే ఆయన 1869లోనే సైకిలు కోసం ఇలాంటి ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. ఈ రోజుకీ ఎక్కువ హబ్బుల్లో ఉన్నది ఆ ఆలోచనే. హబ్బు లోపలి అంచున రంపపు పళ్ళలాంటి పళ్ళున్న ఉక్కు రింగు ఉంటుంది. చైను తిప్పే భాగం మీద స్ప్రింగుతో పైకి లేచి ఉండే చిన్న ఉక్కు నాలుకలు రెండో, మూడో, నాలుగో ఉంటాయి. వాటిని ఇక్కడ కొక్కేలు అందాం. ముందుకు తొక్కినప్పుడు కొక్కెం పన్ను వెనక తన్నిపట్టి రింగును తోస్తుంది. వెనక్కి తిప్పినప్పుడు పన్ను వాలు మీదుగా జారి మడుచుకుంటుంది. సైకిలు దిగి నడిపిస్తున్నప్పుడు వినిపించే టికటికలు ఆ జారుడువే. మామూలు రోడ్డు సైకిలు ఫ్రీవీల్‌లో సాధారణంగా రెండే కొక్కేలుంటాయి, ఆ పనికి అవి చాలు.

ట్రయల్స్ హబ్బుల ప్రకటనల్లో మొదట కనిపించే అంకె ఈ పట్టులది: ఒక చుట్టుకు ఎన్ని చోట్ల పడుతుంది? ఆ అంకెకు అర్థముంది, కాదనలేం. వెనక బ్రేకు బిగించి వెనక చక్రం మీద నిలబడ్డ రైడరు, ఒక తన్ను అయిపోయాక పెడళ్ళను వెనక్కి తిప్పి ముందుకాలిని మళ్ళీ కావలసిన ఎత్తుకు తెచ్చుకోవాలి. పెడలు ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది హబ్బులోని పళ్ళు. 24 పట్టుల హబ్బులో ఒక్కో మెట్టు 15 డిగ్రీలు. ముందు 18 పళ్ళు, వెనక 15 పళ్ళు ఉన్న గేరులో అది పెడలు తగిలించిన క్రాంకు దగ్గర 12.5 డిగ్రీలవుతుంది. 175 మిల్లీమీటర్ల క్రాంకు చివర అది దాదాపు 38 మిల్లీమీటర్ల ఖాళీ. బొటనవేలి వెడల్పు కన్నా పెద్ద మెట్టు దిగినట్టు. కాలు ఆ ఖాళీలో వేగం పుంజుకుని, చివర సుత్తిదెబ్బలా కొక్కేల మీద పడుతుంది. పట్టులు 48 అయితే ఖాళీ 19 మిల్లీమీటర్లు. 72 అయితే 13 మిల్లీమీటర్లకు కొంచెం తక్కువ. అదే బలంతో తొక్కితే, దెబ్బలోని శక్తి కాలు ఖాళీగా పోయిన దూరానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి, 24 నుంచి 72కు వెళ్తే దెబ్బ మూడో వంతుకు తగ్గుతుంది. ఇది నిజమైన లాభం. ఇక్కడిదాకా ప్రకటన చెప్పింది సరైనదే.

కానీ ఆ లెక్కనే ఇంకాస్త ముందుకు సాగనిస్తే కథ మారుతుంది. 72 నుంచి 108కి వెళ్తే ఖాళీ 13 నుంచి 8.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, అంటే ఆదా అయింది నాలుగు మిల్లీమీటర్లు. మొదటి పెంపులో ఆదా అయింది 25. పైగా ఆ సైకిల్లో మెత్తగా లొంగేది హబ్బు ఒక్కటే కాదు. తక్కువ గాలి పెట్టిన వెనక టైరు అణుగుతుంది, చైను కొద్దిగా సాగుతుంది, క్రాంకులు, ఫ్రేమూ రవంత మెలిపడతాయి. ఇవన్నీ కలిపి మిల్లీమీటర్లలో ఉన్నప్పుడు, హబ్బులో మిల్లీమీటరు తగ్గించడానికి పెట్టే ఖర్చుకు కాలికి అందేది స్వల్పం. ఖర్చంటే డబ్బు ఒక్కటే కాదు, లోహంలో చెల్లించే ధర కూడా. 30 మిల్లీమీటర్ల వ్యాసమున్న రింగు చుట్టుకొలత 94 మిల్లీమీటర్లు. అందులో 24 పళ్ళు కోస్తే ఒక్కో పన్నుకు దాదాపు 4 మిల్లీమీటర్ల చోటు దక్కుతుంది. 72 కోస్తే 1.3 మిల్లీమీటర్లు. పన్ను వెడల్పు తగ్గితే లోతూ తగ్గుతుంది. లోతు తగ్గిన కొద్దీ ఇసుక రేణువు, గట్టిపడిన గ్రీజు, బేరింగులో పదో వంతు మిల్లీమీటరు వదులు, ఇవన్నీ పెద్ద శత్రువులవుతాయి. నాలుగు మిల్లీమీటర్ల పన్ను క్షమించేసే దుమ్మును ఒక మిల్లీమీటరు పన్ను క్షమించదు.

ఇప్పుడు బలాల సంగతి. 70 కిలోల మనిషి ఎగరబోతూ హ్యాండిలును పైకి లాగుతూ పెడలును తన్నితే, తన బరువుకు రెండింతల బలం, అంటే సుమారు 1,400 న్యూటన్లు, పెడలు మీద పడుతుందనుకుందాం. 175 మిల్లీమీటర్ల క్రాంకు మీద అది 245 న్యూటన్ మీటర్ల టార్క్. ముందున్న పళ్ళ చక్రం చాలా చిన్నది. 18 పళ్ళ చక్రం వ్యాసార్ధం 36.6 మిల్లీమీటర్లే, కాబట్టి చైను మీద పడే లాగుడు దాదాపు 6,700 న్యూటన్లు. సైకిలు చైనుకు అంతర్జాతీయ ప్రమాణం అడిగే కనీస తెగుబలం 8,000 న్యూటన్లు. ట్రయల్స్ వాళ్ళు చైన్లు ఎందుకంత తరచుగా మారుస్తారో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది. వెనక 15 పళ్ళ చక్రం దగ్గర ఆ లాగుడు 204 న్యూటన్ మీటర్లుగా హబ్బులోకి దిగుతుంది. కొక్కేలు ఇరుసు మధ్య నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే వాటన్నిటి మీదా కలిపి పడేది 13,600 న్యూటన్లు, అంటే దాదాపు 1.4 టన్నుల బరువు. నాలుగు కొక్కేలూ సమంగా పంచుకుంటే ఒక్కోదానికి 350 కిలోలు. ఏదో కారణంతో ఒక్కటే పట్టిందా, చిటికెన వేలి గోరంత ఉక్కు ముక్క మీద ఒక చిన్న కారు బరువు నిలబడినట్టు. హబ్బు నమ్మకం గురించి చెప్పగలిగినదంతా ఈ "నాలుగా, ఒకటా" అన్న తేడాలోనే ఉంది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. కొండల్లో తిరిగే మౌంటెన్ బైకుల్లో వెనక 50 పళ్ళ చక్రం కూడా ఉంటుంది. ముందు 32, వెనక 50 గేరులో అదే 245 న్యూటన్ మీటర్లు హబ్బు దగ్గర 383 అవుతుంది, ట్రయల్స్ సైకిలుదానికి దాదాపు రెండింతలు. ఆ హబ్బులు ఏళ్ళ తరబడి నిలుస్తుంటే, మంచి మౌంటెన్ బైకు హబ్బు ఏదైనా ట్రయల్స్‌కు చాలదా? ఆక్షేపణలో లెక్క సరైనదే, ఊహ సరిగా లేదు. అంత చిన్న గేరులో కొండెక్కే మనిషి సీటు మీద కూర్చుని, చక్రం తిరుగుతుండగా, నిలకడగా తొక్కుతాడు. అతని కాలు ఒంటి బరువంత బలం పెట్టడం కూడా అరుదు, రెండింతలు పెట్టబోతే వెనక చక్రం మట్టిలో జారిపోతుంది లేదా ముందు చక్రం లేస్తుంది. బలం సగమైతే హబ్బు దగ్గర టార్క్ దాదాపు ట్రయల్స్‌ది ఎంతో అంతే. పైగా అతని 32 పళ్ళ ముందు చక్రం వల్ల చైను లాగుడు ట్రయల్స్‌లో కన్నా బాగా తక్కువ, కాబట్టి ఇరుసును వంచే బలమూ తక్కువే. అన్నిటికన్నా పెద్ద తేడా సమయానిది. కొండెక్కేవాడి కొక్కేలు ఒకసారి పడితే నిమిషాల తరబడి పట్టే ఉంటాయి. ట్రయల్స్ రైడరు ప్రతి తన్నుకూ కొత్తగా పట్టిస్తాడు, నిశ్చలంగా ఉన్న చక్రం మీద, ఒక్క కుదుపులో. రోజుకు 200 తన్నుల చొప్పున ఏడాదిలో వంద రోజులు సాధన చేసినా 20,000 కొత్త పట్టులు. ప్రతిసారీ పన్ను అంచున ఏదో ఒక యాదృచ్ఛిక స్థానంలో కొక్కెం దిగాలి. మౌంటెన్ బైకు హబ్బు ఎదుర్కోని పరీక్ష ఇది. కొన్ని మౌంటెన్ బైకు హబ్బులు ఇందులో నెగ్గుతాయి, అయితే ఆ హబ్బులో పట్టు ఎలా జరుగుతుందో చూడందే నెగ్గుతుందని చెప్పలేం.

ఆ పట్టు జరిగే తీరును దగ్గర నుంచి చూద్దాం. కొక్కెం పన్ను అడుగుదాకా దిగి కూర్చుంటే భారం దాని ముఖం మొత్తం మీద పరుచుకుంటుంది. ఒక్కోసారి అది పన్ను కొసన నిలిచిపోతుంది. స్ప్రింగు నీరసించడం వల్ల కావచ్చు, గ్రీజు చిక్కబడి కావచ్చు, రైడరు పెడలును మెల్లగా నొక్కి సరిగ్గా ఆ కొస దగ్గర ఆపడం వల్ల కావచ్చు. బ్రేకు బిగించి పెడలు మీద నిలబడి ఉన్నంతసేపూ ఆ కొస రాపిడితో ఆపుతూనే ఉంటుంది, పట్టు దొరికిందనే కాలు నమ్ముతుంది. తన్నిన క్షణంలో భారం రెండింతలై కొస చిట్లుతుంది, కొక్కెం జారి తరవాతి పన్నులో పడుతుంది. రైడరుకు వినిపించేది ఒక్క ఠక్కుమనే చప్పుడు. చిట్లిన ప్రతి కొసా గుండ్రబడుతుంది, గుండ్రటి కొస మీద తరవాతి కొక్కెం మరింత తేలిగ్గా జారుతుంది. హబ్బు ఒక్కరోజులో పాడవదు. ఇలా జారుడుకు జారుడు తోడై, ఒకరోజు ఒక్కసారిగా పోయినట్టు కనిపిస్తుంది.

రెండో సంగతి, కొక్కేలన్నీ కలిసి పడుతున్నాయా, వంతులవారీగా పడుతున్నాయా అన్నది. పళ్ళ సంఖ్య పెంచకుండానే పట్టుల సంఖ్య పెంచే ఉపాయం ఒకటుంది: కొక్కేలను రెండు మూడు జట్లుగా విడదీసి, ఒక జట్టు పట్టినప్పుడు రెండో జట్టు పన్ను మధ్యలో ఉండేలా అమర్చడం. ఆరు కొక్కేలను మూడు చొప్పున రెండు జట్లు చేస్తే పట్టులు రెట్టింపవుతాయి, ఏ సమయంలోనైనా మూడు కొక్కేలు సమాన దూరంలో నిలబడి భారం మోస్తాయి. ఇది ఒప్పుకోదగ్గ బేరం. పన్ను లోతు కోల్పోకుండా ఖాళీ సగమైంది, బలాలు మూడు వైపుల నుంచి ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటున్నాయి. ఇదే ఉపాయాన్ని కొసదాకా లాగి ప్రతి కొక్కేన్నీ విడి విడిగా అమర్చితే పట్టులు వందలు దాటతాయి. అమెరికాలోని ఆష్‌విల్‌లో ఇండస్ట్రీ నైన్ తయారుచేసే హైడ్రా హబ్బులో 115 పళ్ళు, వేర్వేరు వంతుల్లో పట్టే ఆరు కొక్కేలు కలిసి 690 పట్టులిస్తాయి. మొదట ఒకటే కొక్కెం పడుతుంది, భారం పెరిగి భాగాలు రవంత వంగాక మిగతావి అందుకుంటాయి. తయారీ అత్యంత ఖచ్చితంగా ఉంటే ఆ పథకం పనిచేస్తుంది, కొండదారుల్లో దాన్ని మెచ్చుకునేవాళ్ళు చాలామంది. కానీ నిశ్చలంగా ఉన్న చక్రం మీద టన్ను పైన భారాన్ని కుదుపుతో వేసే ఆటకు, ముందు ఒక్క కొక్కెం మోసి తక్కినవి తరవాత చేరడం నాకు సరైన మార్గంగా కనిపించదు. ఒంటరి కొక్కెం పన్నును తోయడమే కాదు, తనను మోసే భాగాన్ని కూడా అవతలి వైపుకు నెడుతుంది. ఇరుసు గట్టిగా లేకపోతే ఒక పక్క కొక్కేలు లోతుకు దిగి, ఎదుటి పక్కవి పైకి తేలతాయి.

ఇంతవరకు చూసిన సాక్ష్యం ఒకే వైపుకు చూపిస్తోంది. ట్రయల్స్ హబ్బును తూచాల్సిన తూకం పట్టు ఎంత నిండుగా పడుతుందన్నది. ఎంత త్వరగా పడుతుందన్నది దాని తరవాతి మాట. ఈ తూకంతో చూస్తే కొన్ని నిర్మాణాల మీద గౌరవం కలుగుతుంది. క్రిస్ కింగ్ హబ్బులో కొక్కేలే లేవు. ఎదురెదురుగా రెండు ఉక్కు రింగులు, ఒక్కోదాని ముఖం మీద 72 పళ్ళు. తొక్కగానే 72 పళ్ళూ ఒకేసారి కలుస్తాయి. ఒక రింగు మెలికల గాడి మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఎంత గట్టిగా తొక్కితే రెండు రింగులూ అంత గట్టిగా ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. పైన లెక్కకట్టిన 13,600 న్యూటన్లు సమంగా పంచితే పన్నుకు 190 న్యూటన్లు, కొక్కేల హబ్బులో ఒక్కోదాని మీద పడే భారంలో పద్దెనిమిదో వంతు. పన్ను చిన్నదన్న లోపాన్ని సంఖ్య పూడ్చేసింది. 26 అంగుళాల ట్రయల్స్ సైకిళ్ళలో ఈ హబ్బుకు పేరు రావడానికి కారణం ఇదే. స్విట్జర్లండ్ డీటీ స్విస్ వాళ్ళ స్టార్ రాచెట్ కూడా ఈ కుటుంబానిదే, 18, 36, 54 పళ్ళ రింగులతో దొరుకుతుంది. విప్పి కడగడం చాలా తేలిక, పనిముట్లు దాదాపు అవసరం లేదు. అయితే 18 పళ్ళది ట్రయల్స్‌కు పనికిరాదు, 20 డిగ్రీల ఖాళీ మరీ ఎక్కువ. ఇక ఇంగ్లండ్‌లోని బార్నోల్డ్స్‌విక్‌లో ఉన్న హోప్ కంపెనీ, తన ప్రో 2 హబ్బులో మామూలు రకానికి 24 పళ్ళు పెట్టి, ట్రయల్స్ రకానికి 48 పెట్టింది. నాలుగు కొక్కేలూ ఒకేసారి పడతాయి. 72 వైపు పరుగెత్తకుండా 48 దగ్గర ఆగడం పన్ను లోతును కాపాడిన నిర్ణయం.

పళ్ళు, కొక్కేలు రెండూ లేకుండా, మెరుపులా పట్టే స్ప్రాగ్ క్లచ్ హబ్బులున్నాయి కదా, ఈ వాదమంతా వాటి ముందు నిలుస్తుందా అని అడగవచ్చు. అమెరికాలో ఆనిక్స్ కంపెనీ చేసే హబ్బులు ఈ రకం. లోపల అండాకారపు చిన్న ఉక్కు దిమ్మెలు వరసగా నిలబడి ఉంటాయి. ఒక వైపు తిప్పితే వాలిపోతాయి, రెండో వైపు తిప్పితే నిక్కుకుని రెండు గోడల మధ్య చీలల్లా బిగుసుకుంటాయి. చప్పుడు లేదు, ఖాళీ లేదు. చాలా దిమ్మెలు ఒకేసారి మోస్తాయి కాబట్టి మన "నిండు పట్టు" పరీక్షలో ఇవి మంచి మార్కులే తెచ్చుకుంటాయి. రెండు సంగతులు మాత్రం తెలిసి ఎంచుకోవాలి. పట్టు వెంటనే పడ్డా బలం పెరిగేకొద్దీ దిమ్మెలు రవంత ఒరిగి లొంగుతాయి, ఆ స్ప్రింగులాంటి మెత్తదనం కొందరి కాళ్ళకు నచ్చదు. రెండోది, మోసేది పన్ను కాదు, రాపిడి. తప్పుడు గ్రీజు పెడితే పట్టే పోతుంది, తయారీదారు చెప్పిన నూనె తప్ప ఇంకోటి వేయకూడదు. బరువు కూడా ఎక్కువే. అయితే బరువు విషయంలో భయం అనవసరం. చక్రం అంచున పెరిగిన 100 గ్రాములు తిప్పడానికి బరువే. ఇరుసు దగ్గర పెరిగిన 100 గ్రాములకు తిరుగుడు మీద ప్రభావం దాదాపు సున్నా. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు ఎగరాల్సిన చోట హబ్బులో వంద గ్రాములు తగ్గించి ఉక్కు బదులు అల్యూమినియం పెట్టుకోవడం నష్టపు బేరం.

పట్టు నిండుగా పడాలంటే పళ్ళను మోసే గూడు కూడా వంకర పోకూడదు. 6,700 న్యూటన్ల చైను లాగుడు హబ్బును ఒక పక్కకు గుంజుతున్నప్పుడు సన్నటి ఇరుసు విల్లులా వంగుతుంది. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే గుణం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల ఇరుసు బదులు 15 మిల్లీమీటర్లది పెడితే బిగువు ఐదింతలు. అయితే హబ్బు గూడు అంతే ఉండి ఇరుసు లావైతే బేరింగు గోళీలు చిన్నవవుతాయి. అదే 15 మిల్లీమీటర్ల రంధ్రానికి 6802 బేరింగు వెలుపలి వ్యాసం 24, మందం 5 మిల్లీమీటర్లు. 6902కి 28, 7 మిల్లీమీటర్లు. చైను వైపు పెద్దది ఉన్న హబ్బు ఎంచుకోవడం మేలు. ఈ అంకెలు ప్రపంచమంతా ఒకటే కావడం వల్ల హబ్బు ఎక్కడ తయారైనా దాని బేరింగు సికింద్రాబాద్ రాణిగంజ్ బేరింగుల దుకాణంలో నంబరు చెప్పి అడగవచ్చు. కొక్కేలూ స్ప్రింగులూ మాత్రం అలా దొరకవు, వాటిని హబ్బుతో పాటే ఒక జత అదనంగా కొనుక్కోవాలి. చైను తిప్పే గూడు మెత్తటి అల్యూమినియంతో ఉండి, దాని మీద సన్నటి పళ్ళ చక్రం ఎక్కిస్తే ఆ చక్రం గూడు అంచుల్ని కత్తిలా కోసుకుంటూ పోతుంది. ఉక్కు లేదా టైటానియం గూడు ఉండాలి, లేకుంటే అడుగు వెడల్పుగా ఉన్న పళ్ళ చక్రమైనా వాడాలి. ఇరుసును చిటికెలో విడిపోయే మీటతో బిగించేదాని కన్నా రెండు వైపులా బోల్టులతో బిగించేది మేలు, లేకపోతే తన్నినప్పుడు చక్రమే ముందుకు జారి చైను వదులవుతుంది.

అసలు ఈ బాధంతా వెనక హబ్బులో ఎందుకు, పట్టే భాగాన్ని ముందుకు, క్రాంకు మీదికి తెస్తే పోదా? 20 అంగుళాల సైకిళ్ళు చేసేది అదే. క్రాంకు మీద ఫ్రీవీల్, వెనక హబ్బు కదలని ముద్ద. ఇది తెలివైన పరిష్కారం. వైట్ ఇండస్ట్రీస్ వాళ్ళ ఈనో ట్రయల్స్ ఫ్రీవీల్ వంటివి 72 పట్టులిస్తాయి, పాడైతే హబ్బూ చక్రమూ విప్పకుండా అదొక్కటే మార్చుకోవచ్చు. అయితే బలం మాయమైపోదు. ముందు ఫ్రీవీల్ మోయాల్సింది 204 కాదు, క్రాంకు మీది 245 న్యూటన్ మీటర్లు. దాని లోపలి మరే 35 మిల్లీమీటర్ల వ్యాసం కాబట్టి పళ్ళు మధ్య నుంచి కనీసం 20 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ఆ దూరం కలిసొచ్చి పళ్ళ మీద భారం 12,000 న్యూటన్ల దగ్గర ఆగుతుంది, వెనక హబ్బులో కన్నా కొంచెం తక్కువ. చక్రం దొర్లుతున్నంతసేపూ చైను తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి వేలు, ప్యాంటు అంచు జాగ్రత్త. వెనక హబ్బు మీద పళ్ళ చక్రం అల్యూమినియం మర మీద ఎక్కితే ఏళ్ళ తన్నులకు మర చెడిపోయే ప్రమాదమూ ఉంది. మర బదులు గాడులున్న హబ్బు దొరికితే అది తీసుకోవాలి.

కొత్తగా నేర్చుకునేవారికి, బడ్జెట్ తక్కువున్నవారికి, 20 అంగుళాల సైకిలు ఎంచుకున్నవారికి నా తీర్పు ఈ ముందు ఫ్రీవీల్, కదలని వెనక హబ్బు పద్ధతే. 26 అంగుళాల సైకిలుకు వెనక పట్టే కావాలనుకుంటే, పళ్ళన్నీ లేదా కొక్కేలన్నీ ఒకేసారి పడే, 48 నుంచి 72 మధ్య పట్టులున్న, ఉక్కు గూడు, లావాటి ఇరుసు, బోల్టు బిగింపు ఉన్న హబ్బు. ఖరీదు ఎక్కువంటారా, ఎక్కువే. కానీ చౌక హబ్బు ధరకు ఏడాదికి రెండు సార్లు మార్చే కొక్కేలు, తెగిన చైన్లు, ఒక ఎక్స్‌రే కలుపుకుని చూడండి. ఎంత మంచి హబ్బయినా లోపలి నూనెను బట్టే నిలుస్తుంది. చిక్కటి గ్రీజు కొక్కేల మీద జిగురులా పనిచేస్తుంది, చలిలో ఇంకా గట్టిపడుతుంది. అది బేరింగులకు సరే, కొక్కేలకు పలచటి నూనె పలచటి పూతగా చాలు. వానలోనో బురదలోనో తిరిగాక విప్పి కడగాలి. టికటికల వరసను చెవితో పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. నాలుగింటిలో ఒక స్ప్రింగు విరిగినా హబ్బు పనిచేస్తూనే ఉంటుంది, చప్పుడు మాత్రం పలచబడుతుంది. ఆ మార్పు వినపడిన రోజే విప్పాలి.

హబ్బు కొత్తదైనా, విప్పి బిగించిందైనా, మొదటి బండ ఎక్కే ముందు ఒక పని చేయండి. చదునైన నేల మీద ముందు చక్రాన్ని గోడకు ఆనించి, వెనక బ్రేకు గట్టిగా పట్టుకుని, పెడలు మీద నిలబడి ఒంటి బరువంతా వేయండి. పెడలును వెనక్కి ఒక్క టిక్కు తిప్పి మళ్ళీ వేయండి. కాళ్ళు మార్చుకుంటూ, టిక్కు టిక్కుకూ ఆగుతూ రింగు మొత్తం చుట్టి రండి. ఎక్కడ ఒక్కసారి ఠక్కుమన్నా ఆ రోజు ఎగరకండి, హబ్బు విప్పండి.